పచ్చరంగు పూసిన వీధి

"గుక్కెడు నీళ్లకి జనం చస్తుంటే పచ్చరంగు పూస్తార్రా? ఆ చేతులు పడిపోనూ!"

నీటి సరఫరా ఆఫీసులో మిషనమ్మ వేసిన కేకకి ఫైళ్ల మీద ఈగలు కూడా లేచాయి. గోడకి కొత్త పటం వేలాడుతోంది. ఈ ఎండల్లో ఏ వీధికి నీటిగండమో చూపే పటం. ఎరుపైతే గండం, ట్యాంకరు వస్తుంది. పచ్చయితే ఏ దిగులూ లేనట్టు. ఆవిడ ఇరవై ఏళ్లుగా కుట్టుమిషను తొక్కుతున్న పల్లపు వీధి పచ్చగా మెరిసిపోతోంది.

"కోప్పడకండి పిన్నిగారూ," అన్నాడు పటం గీసిన ఇంజనీరు. "ఫిర్యాదుల్ని బట్టి రంగు వేశాం. అక్కణ్నించి ఏడాదిగా ఒక్కటీ లేదు."

"ఫోన్ చేస్తే కుళాయి కనెక్షను నంబరు చెప్పమంటారు. అక్కడ గొట్టమే వెయ్యలేదు కదయ్యా! నంబరు ఎక్కణ్నించి తెచ్చేది, మీ తాతనడిగా?"

ఇంజనీరు నీళ్లు నమిలాడు. "అడగందే అమ్మైనా పెట్టదు కదండీ..."

"ఏ అమ్మా నంబరడిగి అన్నం పెట్టదు! నిన్న మా కొట్టు పక్క బాలింత మైలు దూరం నుంచి బిందె మోస్తూ నడిరోడ్డు మీద పడింది. కుట్లు తెగాయి. ఇంకోసారి మోస్తే మనిషి దక్కదన్నాడు డాక్టరు. ఇవాళ పొద్దున మళ్లీ బిందె ఎత్తింది. ఎత్తక ఏం చేస్తుంది? నీరు పల్లమెరుగంటారు. మీ ఆఫీసు ఎరగదు!"

ఆవిడ పటం మీద ఎర్రమచ్చని వేలితో పొడిచింది.

"మరి ఈ మెరక వీధికేం రోగం?"

"నాలుగొందల ఫిర్యాదులండీ."

"ఏమని? కారు కడగడానికి చాల్లేదనా?"

"అవీ ఉన్నాయి."

"దానికి రోజూ రెండు ట్యాంకర్లు! నోరున్నవాడిదే రాజ్యం."

"రంగు మారుస్తాను పిన్నిగారూ. కానీ కొత్త ట్యాంకరు ఎక్కణ్నించి తేను? మెరక వీధిదొకటి లాగితే వాళ్లు నన్ను బతకనిస్తారా? అక్కడివాళ్లు ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, 'మాకొద్దు' అని రాసిస్తే అది చూపించి ఈ క్షణమే మళ్లిస్తా. అలాంటి మహానుభావులు ఇంకా పుట్టలేదు లెండి."

మిషనమ్మ అతని జేబులో పెన్ను లాక్కుంది. బల్లమీది కాగితం తిరగేసి నాలుగు ముక్కలు బరికి, సంతకం పెట్టి, అతని మొహం మీదికి తోసింది.

"నేనుండేది మెరక వీధిలోనే, మా ట్యాంకరు ఇప్పుడే పల్లానికి తోలు!"