విడుదలైన ముద్దాయి

చెంగయ్య కొడవలి దొరసామి మొదలియారు మెడకు ఆనింది. వకీలు పని మానేసి కథలు రాసుకుంటున్న ఆయన చేతిలోంచి కలం జారిపోయింది.

"నీకు ఉరి తప్పించింది నేను గాదట్రా?"

"మా ఐరాల కాఫీ అంగట్లో పత్రిక తెచ్చి నీ కథ చదివినారు సామీ. బావికాడ గురవయ్యను నరికినోడు నేనేనని రాసినావు. అది ఇని గురవయ్య తమ్ముడు పొద్దున నా కొడుకుని అదే బావికాడ నరికేసినాడు."

చెంగయ్య పంచె నిండా నెత్తురు.

"పేరు మార్చినాను గదప్పా!"

"బావిని మార్చలేదే."

"అయినా, నరికింది నువ్వే గదా?"

చెంగయ్య కొడవలిని ఇంకాస్త నొక్కాడు. "నేను నరకలేదని ఆ పొద్దు నీ కాళ్లు పట్టుకొని చెప్తే తలూపినావే! నమ్మినావనుకున్నా."

జడ్జి దొర ముందు అబద్ధమనుకొని తాను వాదించిందంతా నిజమేనని మొదలియారుకు అప్పుడు తెలిసింది. నరుకు అన్నట్టు కళ్లు మూసుకొని మెడ చాచాడు.

మెడ మీది కొడవలి తొలగింది. చెంగయ్య గడప దాటుతూ అన్నాడు:

"గురవయ్య తమ్ముడి కాడికి పోతా ఉండా సామీ. ఈ తూరి నిజంగానే నరుకుతా. నా తరపున వాదించొద్దు."