తప్పు చూపించండి సార్

"సున్నా వేశారు సార్. తప్పెక్కడో రాయలేదు."

సున్నా మాస్టారు తలెత్తలేదు. న్యూమరికల్ కంప్యూటింగ్ చెప్పే ఆయనకు ఆ పేరు పెట్టింది పిల్లలే. ఆ సంగతి ఆయనకూ తెలుసు. లోలోపల కాస్త గర్వం కూడా.

"హోంవర్కు కాగితం మీద మొదటి రూలేంటి?"

"ప్రోగ్రాం ఎవరికి వాళ్ళే రాయాలి."

"చివరిది?"

"జవాబు నమ్మేలా ఉందో లేదో చూసుకుని ఇవ్వాలి."

"చూసుకున్నావా?"

అమ్మాయి కాగితాన్ని ఆయన ముందుకు జరిపింది.

"ఏదో ఒక మందు ఎంచుకుని, అది ఒంట్లో రోజురోజుకీ ఎంత చేరుతుందో లెక్క కట్టమన్నాను. నువ్వేం చేశావు? ఆరో రోజుకి మనిషిని చంపేశావు. హోంవర్కులో హత్య చేసినదానివి నువ్వొక్కదానివే."

"అందుకే వచ్చాను సార్. ప్రోగ్రాంలో ఎక్కడో తప్పుంది. అదేదో చూపించండి."

మాస్టారు అప్పుడు తలెత్తాడు. తమ ప్రోగ్రాం సరైనదేనని ఆ గదిలోకొచ్చి ఏడ్చినవాళ్ళున్నారు, పోట్లాడినవాళ్ళున్నారు. తప్పుందని పట్టుబట్టిన మనిషిని ఆయన చూడడం ఇదే మొదలు.

"ఇదివరకే నీకు రెండు సున్నాలు. ఇది మూడోది. ఏడాదంతా మళ్ళీ ఇదే క్లాసులో కూర్చోవాలి, తెలుసుగా?"

"తెలుసు సార్."

"కూర్చో."

ప్రోగ్రాం తెరిచి, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు వరసవరసా చూశాడు. ప్రతి వరస పక్కనా అది ఏం చేస్తుందో సొంత మాటల్లో రాసి ఉంది. కాపీ కాదు. ఒక్క రాయీ తగల్లేదు.

"గంటకొకసారి లెక్క వేశాను సార్. ఆ ఎడం ఎక్కువైందేమో."

"అరగంట చేద్దాం."

తెర మీద ఒంట్లోని మందును చూపే ఎర్రగీత మెట్లెక్కినట్టు పైకి పోయింది. ఆరో రోజున ప్రాణం తీసే హద్దు దాటింది.

"పావుగంట చేయండి సార్."

అదే గీత. అదే ఆరో రోజు.

"నిమిషం."

"మొండిదానివే," అన్నాడు మాస్టారు. అయినా నిమిషానికి మార్చాడు. గీత వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

"సూత్రమే తప్పేమో సార్?"

"అది నేను బోర్డు మీద రాసిన సూత్రం. అది తప్పయితే నాకు నేను సున్నా వేసుకోవాలి."

కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. తప్పు ఒప్పుకోవడం ఆయన ఒంటికి పడదు. కానీ రూలు రూలే, ఆయనకైనా.

"లేదమ్మాయ్. ప్రోగ్రాంలో తప్పు లేదు. జవాబు చూసి కోపం వచ్చి సున్నా వేశాను, లోపలికి తొంగి చూడలేదు. తప్పు నాది."

సున్నాను కొట్టేసి పది వేశాడు. ఆ ఏడాది ఆయన కలం నుంచి రాలిన మొదటి పది అది.

అమ్మాయి మొహంలో నెత్తురు చుక్క లేదు. "బాగా చూశారా సార్?"

"నిమిషం దాకా వచ్చాంగా. ఇంకేం చూడమంటావు?"

"పది వద్దు సార్. సున్నాయే ఉంచండి."

"పిచ్చిదానా! ప్రోగ్రాం నిక్షేపంలా ఉంది. చెడిందల్లా నువ్వు ఎక్కించిన అంకెలు. ఈ మాత్ర నేనూ మింగుతున్నాను, గుండెకి. రోజుకి ఒక్కటంటే ఒక్కటి. నువ్వు మూడు పెట్టావు. బుద్ధున్నవాడెవడైనా రోజుకి మూడు వేస్తాడా? ఎక్కణ్ణుంచి తెచ్చావు ఆ మూడు?"

అమ్మాయి కాగితం మీది పదిని చూస్తూ కూర్చుంది.

"నేనే వేశాను సార్, ఆరు రోజులు, మా అమ్మకి."