యూదా పాదాలు

ఫ్లోరెన్స్‌లో ఆ పాత మఠం ఇప్పుడు మ్యూజియం. ఒకప్పుడు అక్కడే సన్యాసినిగా ఉన్న మా మేనత్త ఓర్సొలాని తీసుకెళ్లాను. భోజనశాల గోడ నిండా క్రీస్తు శిష్యులతో చేసిన కడరాత్రి భోజనం బొమ్మ. ఆయన్ని పట్టించిన యూదా ఒక్కడే బల్లకి ఇవతల కూర్చున్నాడు.

"ఐదొందల ఏళ్లనాటి బొమ్మ ముందు రోజూ తిన్నావు. అదృష్టవంతురాలివి అత్తా."

"నాకు కనిపించింది యూదా పాదాలే, పిచ్చిదానా."

అంటూనే గది నడుమ రాతినేల మీద మోకరిల్లింది.

"భోజనాల దగ్గర నవ్వితే ఇదీ శిక్ష. పళ్లెం ఇక్కడ పెట్టేవారు. తలెత్తకూడదు. నాకేమో నవ్వాగేది కాదు."

అత్త నవ్వగా నేనెన్నడూ చూడలేదు.

కాపలావాడు గబగబా వచ్చాడు. "నేల మీద కూర్చోకూడదు పెద్దమ్మా, లేవండి."

అత్త తలెత్తింది.

"ఈ గదిలో నన్ను లేవమన్నవాడివి నువ్వొక్కడివే నాయనా. కాస్త ఆలస్యంగా వచ్చావు."