కుప్ప మీద కవర్లు

పెరట్లో చుక్కలపెట్ట పెంటకుప్ప గీరుతుంటే చెత్తంతా ఎగిరి, వెనకే వస్తున్న తన పిల్లల ముందు పడేది. అలా పడిన ప్లాస్టిక్ కవరు ముక్కను ఒక పిల్ల మింగబోయింది. అది గొంతుకు అడ్డంపడడంతో పిల్ల గిలగిలా కొట్టుకుంది. పెట్ట ముక్కుతో బయటికి లాగాకే దానికి ఊపిరాడింది.

ఆ పూట నుంచి పెట్ట గీరడం మానేసింది. ఒక్కో కవరునూ ముక్కున కరుచుకుని కంచె మూలకు చేర్చసాగింది.

"ఏమే చుక్కమ్మా, కోడిగా పుట్టి ఈ ఊడ్పు పనేమిటే? మనుషులు పారేసింది మనుషులే తీసుకుంటారు," అని ఎర్రపుంజు నవ్వింది.

"ఎవరు పారేసినా మింగేది నా పిల్లే కదా మామా," అంది పెట్ట.

ఎండనక వాననక మోసింది. కవర్లు పోవడంతో కొన్నాళ్లకు తొక్కలూ ఆకులూ చివికి, కుప్పలో ఎర్రలు పుట్టాయి. వాటిని తినాలని పుంజు పరుగున వచ్చింది. పెట్ట రెక్కలు విప్పి అడ్డం నిలబడింది.

"తిందువుగాని మామా. ఇంట్లోవాళ్లు ఇప్పుడే మరో కవరు విసిరారు. ముందు అది తియ్యి."

"నేనా?"

"నువ్వే."

పెట్ట జరగలేదు. పుంజు కాసేపు మెడ నిక్కించి చూసింది. చివరికి పిల్లలందరి ముందూ తల వంచి, కవరు కరుచుకుని కంచె వైపు నడిచింది.