మలుపు దగ్గర మొక్కు

జంషెడ్‌పూర్ దాటాక, దల్మా కొండ మలుపులో వినాయకుడి రాయి ముందు తవిటమ్మ అరటిపళ్లు, బెల్లం పెట్టింది. భర్త లారీ అక్కడే లోయలో పడి, అతను పోయి నెలైంది. ఇవాళ మరిది ఆదిబాబు మళ్లీ బండెక్కుతున్నాడు.

"మీ అన్న సల్లగా తిరిగి రావాలని పెతీ మంగళారం ఎట్టినాను. నా మొక్కులో లోపమేటి?"

"లోపం లేదొదినా."

"మరి ఆ రోజు మీ అన్న బండికి అడ్డంగా ఆ గున్న ఏనుగు రోడ్డు మీదకెందుకొచ్చింది?"

ఆదిబాబు రాయి ముందున్న అరటిపళ్ల వైపు చూశాడు.

"సెప్పు."

"ఈ పళ్లకే. డ్రైవర్ల ఆడోళ్లందరూ ఎడతన్నారు గదా, ఏనుగులు రుచి మరిగినాయి. అన్న దాన్ని తప్పించబోయి..."

తవిటమ్మ పళ్లన్నీ ఏరి ఒళ్లో వేసుకుని, రాయి ముందున్న బెల్లమంతా కొంగుతో తుడిచేసింది.

అంతలో ఒక లారీ ఆగింది. పసుపుతాడు ఆరని కొత్త పెళ్లికూతురు అరటిపళ్లతో దిగింది. తవిటమ్మ పరుగెత్తి ఆమె చేతులు పట్టుకుంది.

"ఎట్టకమ్మా. నానెట్టినాను."