పళ్లెం అడుగున పేరు

ఎనభై మూడులో మా జెర్సీ సిటీలో తలా ఒక వంటకం తెచ్చే పాట్‌లక్కు విందుల్లో గిన్నెలు తారుమారయ్యేవి. అందుకని ఆడవాళ్లు వాటి అడుగున నెయిల్ పాలిష్‌తో పేర్లు రాసుకునేవారు. మంచి అలవాటే. కానీ రేపు మ్యూజియంవాళ్లకి చూపించాలనుకున్న నా పాత జర్మన్ పింగాణీ పళ్లెం అడుగున, అక్కడి రాజుగారి నీలికత్తుల ముద్ర మీద, ఎర్రగా మా ఆవిడ పేరు ‘మీనాక్షి’ అని ఉంది!

దూదీ, పాలిష్ చెరిపే రిమూవర్ సీసా పట్టుకుని కూలబడ్డాను. “ఏమిటోయ్ ఇది? అది రాజముద్ర!”

“పళ్లెం రాజే చేశాడా?” అంది మా ఆవిడ, పార్టీ గిన్నెలు తోముతూనే.

కథ చెప్పే సందు దొరికితే నేనాగను. “కాదు. బంగారం చేస్తానన్నవాణ్ని రాజు గదిలో పెట్టి తాళం వేయించాడు. బంగారం రాలేదు గానీ, ఆ మనిషి ఏళ్లతరబడి మట్టితో కుస్తీపట్టి పింగాణీ చేశాడు.”

“మరి అతని పేరేదీ?”

“ఫ్యాక్టరీ రాజుగారిది కదా!”

మీనాక్షి తడిగిన్నెలు నా ముందుకు తోసింది. “రెక్కలు పడిపోతున్నాయి, ఇవి తుడిచిపెట్టండి” అంది.

ఆవిడ పులిహోర కలిపిన స్టీలు బేసిన్ తుడిచాను. ‘ఆదిశేషు’ అని నా పేరు చెక్కి ఉంది. గరిటె మీద నా పేరు. ఆవిడ పుట్టింటివారిచ్చిన కూజా మీదా నా పేరే.

రిమూవర్ సీసాకి మూత బిగించి, పళ్లాన్ని ఆవిడ పేరు పైకి కనబడేలా బోర్లించాను.