మూటెడు బియ్యం

“ఈసారి బియ్యం మన వంతే అనుకో. ఇద్దరు మనుషులకి మూటెడు పెట్టి పంపుతావా? పెళ్ళికెళ్తన్నారనుకున్నావేటి?” దుర్గమ్మ మంచం మీద నుంచే కోడలి మీద లేచింది.

“నా మొగుడికి నేను పెట్టుకున్నానండి అత్తయ్యా. మీ నోటికాడది తియ్యలేదు కదా!” వంటింట్లోంచి సత్యదుర్గ అంది.

సత్యప్రియ బడిసంచి గుమ్మంలోనే పడేసింది. తను ఇంట్లో అడుగు పెట్టేసరికి రోజూ ఇదే తగువు. నాన్నా, సాలమోను బాబాయీ చేపల వేటకెళ్ళిన పడవ గాలివానకి ఎటు పోయిందో తెలీదు. మామ్మేమో కొడుకు మాట వదిలేసి బియ్యానికి ఏడుస్తోంది. మంచం దిగడం కూడా మానేసింది. ఎంత పిసినారి!

“అమ్మే మంచిపని చేసింది మామ్మా. ఇవాళ క్రిస్టీనా టీచరు చెప్పేరు. అన్నం బాగా నమిలితే తియ్యగా అవుద్ది కదా? అందులో పిండిపదార్థాలుంటాయంట. కడుపులోకెళ్ళేక అవి గ్లూకోజు అయిపోతాయి. రక్తం దాన్ని చేతులకీ కాళ్ళకీ మోసుకెళ్తుంది. పడవ ఇంజనుకి డీజిలెలాగో మనకి అన్నం అలాగ! మిగిలింది ఒంట్లో దాచుకుంటాం కూడా.”

“ఆయ్, అలాగేనండీ టీచరుగారూ,” అంది మామ్మ. గోడవైపు తిరిగిపోయింది.

“అంటే బియ్యం ఉన్నన్నాళ్ళూ నాన్నకి బలం ఉంటుంది. కదమ్మా? నిండా పెట్టేవు కదా?”

సత్యదుర్గ కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతోంది.

“నిండా పెట్టేనే.”

చీకటి పడుతుండగా తాత సత్తియ్య రేవు నుంచి వచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

“వెతకడం ఆపేసేరు. రేపట్నుంచి పడవలు పంపరంట.”

“ఆపెయ్యడమేంటి తాతా!” సత్యప్రియ ఒక్క ఉదుటున లేచింది. “నాన్న దగ్గర మూటెడు బియ్యం ఉన్నాయని వాళ్ళకి చెప్పలేదా? మామ్మా, నువ్వైనా చెప్పు!”

మామ్మ రెండు చేతులతో మంచం పట్టె గట్టిగా పట్టుకుంది.

సత్యదుర్గ చేతులు తుడుచుకుంటూ వచ్చి అందరి మధ్యా నిలబడింది. గొంతు పెంచలేదు.

“రేపటి వంటకి, ఆయన మర్చిపోయి వెళ్ళిన మూట మీ మంచం కింద నుంచి తీసేస్తానండి అత్తయ్యా.”